తొంభై సెంటీమీటర్లు

మా పాప మొదటిసారి బోర్లా పడింది ఎప్పుడో నాకు తెలుసు. చూడలేదు, విన్నాను.

అప్పటికి పాపకు ఆరో నెల. పులివెందులలో ఒక మేడ మీది వాటాలో అద్దెకు ఉంటున్నాం. ముందు ఒక గది, దాని వెనక వంటిల్లు. మా ఆయన తుమ్మలపల్లె గనిలో పని చేస్తాడు. లోపలికి దిగేటప్పుడు ఫోను పైనే పెట్టి పోవాలి కాబట్టి, షిఫ్టు ముగిసేదాకా ఆయన నాకు లేనట్టే. కింది ఇంట్లో ఓనరమ్మ ఉంటుంది. ఆమెకూ నాకూ నీళ్ల మోటారు గురించి తప్ప వేరే మాటలు లేవు. నా పుట్టిల్లు ప్రొద్దుటూరు. పెద్ద దూరమేమీ కాదు, కానీ అమ్మ పోయాక అక్కడికి పోవాలంటే ఏదో ఒక పని చెప్పుకుని పోవాల్సి వస్తోంది.

మే నెల. మధ్యాహ్నం కరెంటు పోయింది. మిద్దె కాలి ఆ వేడి అంతా గదిలోకి దిగుతోంది. పరుపు మీద చేయి పెడితే ఎవరో ఇప్పుడే ఇస్త్రీ చేసి లేచినట్టుంది. పాప మెడ నిండా చెమటకాయలు. నేల మీద వేద్దామంటే ముందురోజే తలుపు మూల తేలును చెప్పుతో చంపాను. ఇంట్లో చల్లగా ఉండే చోటు ఒక్కటే, వంటగట్టు. అది నల్లబండ. మా వైపు అలమర పలకలు, అరుగులు, మెట్లు అన్నీ ఆ బండతోనే కడతారు. చిన్నప్పుడు ఎండాకాలంలో మేం పిల్లలం అలమరలో సామాన్లు దించేసి, ఆ పలకల మీద ముడుచుకుని పడుకునేవాళ్లం. అమ్మ తిట్టేది కాదు. "చల్లగుంటాది, పండుకోండి" అనేది. బండ చల్లన అనేది మాకు ఎవరూ నేర్పని జ్ఞానం.

స్టవ్వు ఒక పక్కకు జరిపి, గట్టును తడిబట్టతో తుడిచి, పాత చీర నాలుగు మడతలు వేసి, పాపను గోడవైపు పడుకోబెట్టాను. వెల్లకిలా వేస్తే నిద్ర లేచేదాకా వెల్లకిలాగానే ఉండే బిడ్డ. అట్టముక్కతో విసిరాను. ఒంటికి చల్లదనం తగిలి రెండు నిమిషాల్లో కళ్లు మూసింది. ముందు గది కిటికీకి తడి తువ్వాలు కట్టి వద్దామని పోయాను. నాలుగు అడుగులు, అంతే.

శబ్దం వినబడింది. ఆ తర్వాత కొంచెంసేపు ఏమీ లేదు. ఆ కొంచెం ఎంతో ఇప్పటికీ చెప్పలేను. తర్వాత ఏడుపు.

పాప నేల మీద బోర్లా ఉంది, చీర కొంగు కాలికి చుట్టుకుని. పాతచీర నున్నటి బండ మీద జారి పాపతో పాటే వచ్చింది. ఎత్తుకుని నేను కూడా ఏడ్చాను, శబ్దం లేకుండా. కింద నుంచి ఓనరమ్మ కేకేసింది.

"ఏమ్మే, ఏందది పడింది?"

"గిన్నెక్కా."

"గిన్నయితే మోగాల గదా మే. మూట పడినట్టుండాదే."

"పప్పు డబ్బాక్కా, నిండుది."

"బ్యాళ్లన్నీ ఒలికినాయా? చీమలు పడతాయి, జాగర్తగా ఎత్తు."

ఎత్తుతున్నానక్కా అన్నాను. ఒక అబద్ధానికి రెండోది ఎంత తేలికగా దొరికిందో నాకే ఆశ్చర్యం.

పాప పాలు తాగింది. ఏడుపు మానింది. ఎడమవైపు నుదుట రేగ్గాయంత బొప్పి లేచింది. మా ఆయనకు ఫోన్ చేశాను, స్విచ్చాఫ్. తెలిసి కూడా మూడుసార్లు చేశాను. పాప మళ్లీ నిద్రపోయింది. నిద్రపోవడం మంచిదో కాదో తెలియక, ఊపిరి తగులుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చున్నాను. పాపను వదిలి మెట్లు దిగలేను. ఎత్తుకుని దిగి ఓనరమ్మకు చూపిస్తే పప్పు డబ్బా సంగతి చెప్పాలి. అలా ఏ పనీ చేయలేక, చేతులకు ఏదో ఒక పని కావాలి కాబట్టి, జాకెట్లు కుట్టుకునే టేపు తీసి గట్టు ఎత్తు కొలిచాను.

తొంభై సెంటీమీటర్లు. ఎందుకో మంచం కూడా కొలిచాను. నలభై అయిదు. సరిగ్గా సగం.

నేను డిగ్రీ ఫిజిక్సు. ప్రొద్దుటూరులోనే చదివాను. ఒకరోజు మా లెక్చరర్ ఒక చీనీకాయ తెచ్చి, కాలేజీ పై వరండాలోంచి కిందికి వదిలి, ఇది నేలను తాకే ముందు ఎంత వేగంతో ఉందో చెప్పండి అన్నారు. మేం స్టాప్‌వాచీ అడిగాం. వాచీ లేదు, వరండా నుంచి నేలదాకా ఈ తాడు వేలాడదీసి కొలుచుకోండి, అది చాలు అన్నారు. ఎత్తులో ఉన్న వస్తువుకు ఆ ఎత్తు వల్లే కొంత శక్తి ఉంటుంది. అది స్థితిశక్తి. పడుతున్నకొద్దీ అది తగ్గుతుంది, తగ్గినంతా వేగం వల్ల వచ్చే గతిశక్తిగా మారుతుంది. మొత్తం మారదు. కాబట్టి పైన ఉన్న స్థితిశక్తీ, నేలను తాకే ముందున్న గతిశక్తీ సమానం. ఒకవైపు ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు. రెండోవైపు ద్రవ్యరాశిలో సగం, వేగం వర్గం. మధ్యలో ఎంతసేపు పట్టింది, కాయ ఎన్ని పల్టీలు కొట్టింది, ఎవరూ అడగరు. పైన ఏముంది, కింద ఏముంది, ఆ రెండూ తెలిస్తే చాలు. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది. ఎవరి జోలికీ పోకుండా జవాబు దొరికే పద్ధతి అది.

పాప టీకాల కార్డు కవరు వెనక ఆ లెక్క వేశాను. రెండు వైపులా ద్రవ్యరాశి ఉంది కాబట్టి రెండు వైపులా కొట్టేశాను. కొట్టేశాక చేయి ఆగింది. ఆ కొట్టేసిన అక్షరం మా పాప. నెలనెలా తూకం వేయించి, వంద గ్రాములు పెరిగితే అందరికీ ఫోన్ చేసి చెప్పిన ఆరున్నర కేజీలు. లెక్కకు ఆ బరువుతో పని లేదు. చీనీకాయైనా ఒకటే, పాపైనా ఒకటే.

వేగం వర్గం అంటే, రెండునీ, గురుత్వ త్వరణం పదినీ, ఎత్తు పాయింట్ తొమ్మిది మీటర్లనీ గుణిస్తే, పద్దెనిమిది. దాని వర్గమూలం నాలుగు పాయింట్ రెండు నాలుగు. సెకనుకు నాలుగు మీటర్లకు పైన, గంటకు పదిహేను కిలోమీటర్లు, తొందరలో ఉన్నవాడు సైకిలు తొక్కినంత. అదే మంచం మీంచి అయితే తొమ్మిదికి వర్గమూలం, మూడు. గంటకు పదకొండు. ఎత్తు రెండింతలైనా వేగం రెండింతలు కాలేదు. ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు. మంచం మీంచి పడే పిల్లలకు ఏమీ కావడం లేదు కదా, దీనికి కొంచెమే కదా ఎక్కువ, అనుకున్నాను. నా చదువు నాకు అక్కరకొచ్చిందని ఆ క్షణంలో నిజంగానే అనిపించింది.

నాలుగింటికి మా ఆయన వచ్చాడు. చెప్పులు విప్పకముందే పాప ముఖం చూశాడు.

"ఏందే ఇది, బొప్పి?"

"మంచం మీంచి పడింది."

ఆయన మంచం వైపు చూశాడు. "పోయినవారం నువ్వు చెప్తివి గదా గోడకు జరపమని. నేనే మర్సిపోతి." పాపను ఎత్తుకుని, బొప్పి మీద ఊదాడు. "ఏమ్మా, మంచం దిగి యాడికి పోతాంటివి? నా షిఫ్టుకు నువ్వు పోతాంటివా?"

పాప నవ్వింది. ఇక నేను ఏం చెప్పాలి? మంచం మీంచి ప్రతి ఇంట్లోనూ పిల్లలు పడతారు. వంటగట్టు మీంచి ఎవరి పిల్లలూ పడరు, ఎందుకంటే ఏ తల్లీ అక్కడ పడుకోబెట్టదు. స్నానం కూడా చేయకుండా ఆయన మంచాన్ని గోడకు జరిపి, రెండోవైపు కుర్చీలు అడ్డం పెట్టాడు. ఆ మంచం ఏ తప్పూ చేయలేదు. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

మూడోరోజు మా అత్త దగ్గరికి పోవాల్సి ఉంది. ముందే అనుకున్న ప్రయాణం. వాళ్ల ఊరు రిజర్వాయరు నీళ్లలో మునిగిపోయాక, జమ్మలమడుగు వైపు కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. ఆయన మమ్మల్ని బస్సెక్కించి డ్యూటీకి పోయాడు.

ముద్దనూరు దాటాక పాప ఒళ్లో నిద్రపోయింది. కిటికీలోంచి వడగాలి కొడుతోంది. బొప్పి తగ్గి, ఆ చోట పసుపూ ఊదా కలిసిన రంగు వచ్చింది. దాన్ని చూస్తుంటే లెక్కలో నేను ఎక్కడ ఆగిపోయానో అర్థమైంది. నేను వేగం దగ్గర ఆగిపోయాను. వర్గమూలం తీసి, చిన్న అంకె వచ్చిందని సంతోషించాను. దెబ్బ తగిలేది వేగంతో కాదు, శక్తితో. ఎత్తు రెండింతలైతే శక్తి రెండింతలే, అందులో తగ్గింపు ఏమీ లేదు. శక్తి నశించదు అని పరీక్షలో ఎన్నిసార్లు రాశానో. నేలను తాకాక అది ఎటు పోయింది? కొంచెం ఆ శబ్దంలోకి పోయి ఓనరమ్మ చెవిన పడింది. నేల బండలు మెత్తబడవు, చిట్లలేదు. మిగిలింది పోవడానికి ఇంకొక్క చోటే ఉంది. నేను పాప తల మీద అరచేయి పెట్టి కూర్చున్నాను. పక్క సీటామె "ఎండ తగుల్తాందా?" అని కొంగు అడ్డం పెట్టింది. అవునన్నాను.

అత్తకు ఇంకా ఇరవై గొర్రెలు ఉన్నాయి. కాలనీలో మేపే చోటు లేదని అందరూ అమ్మేసినా ఆమె అమ్మలేదు. పాపను అందుకోగానే ఆమె చేయి బొప్పి మీదికే పోయింది. కొడుకు ఫోన్లో చెప్పి ఉన్నాడు.

"మంచం మీంచి పడితే ఏమైతాదిలే. మా గొర్రె నిలబడే ఈనతాది. పిల్ల బూమ్మీదికి వచ్చేదే కింద పడతా వస్తాది. లేసి పాలు తాగదా?" అని, నా ముఖం చూసి, "నువ్వేంది ఇట్లయిపోయినావు, తింటాండావా లేదా?" అంది.

గొర్రెపిల్ల ఎంత ఎత్తు నుంచి పడుతుందో మనసులోనే లెక్క వేయబోయి మానేశాను.

సాయంత్రం వరండాలో చాప మీద పాపను వేశాం. అత్త గిలక్కాయ ఊపుతోంది. పాప దాని వైపు చూసి, కాలు అడ్డంగా వేసి, మూలిగి, ఒక్క ఊపున బోర్లా తిరిగింది. తల ఎత్తి మమ్మల్ని చూసింది.

"బోర్లా పడిందే! నా కండ్ల ముందర పడిందే!" అత్త చప్పట్లు కొట్టి వీధిలోకి వినబడేలా అరిచింది. "నీ మొగునికి ఫోన్ చెయ్. వాళ్లమ్మ కాడ పడలేదు, నాయన కాడ పడలేదు, అవ్వ ఇంటికొచ్చి పడిందని చెప్పు."

బిడ్డ బోర్లా పడితే మా వైపు ఓళిగలు చేసి పంచాలి. అప్పటికప్పుడే సెనగబ్యాళ్లు ఉడకబెట్టింది. బెల్లం దంచింది. కాలనీలో ఇంటింటికీ రెండేసి పంచి వచ్చింది. నాకు నెయ్యి వేసి పెట్టి, "తిను, బిడ్డ తల్లివి" అంది. తిన్నాను. ఆ ఇంట్లో ఆ సాయంత్రం అందరూ సంతోషంగా ఉన్నారు, ఫోన్లో మా ఆయన గొంతు కూడా. ఇది మొదటిసారి కాదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. జనం మధ్య కూర్చుని అంత ఒంటరిగా ఎప్పుడూ లేను, పులివెందుల గదిలో కూడా.

మరుసటిరోజు పొద్దున పాప పాలు కక్కింది. గంటకు మళ్లీ కక్కింది. అత్త "ఎండకు అరగల్యా, వాము నీళ్లు తాపుదాం" అంది. నేను ప్రొద్దుటూరు డాక్టరు దగ్గరికి పోదాం అన్నాను. ఇంత చిన్నదానికి అంతదూరమా అంది గానీ, నా గొంతులో ఏదో విని చెప్పులేసుకుంది.

పిల్లల డాక్టరు పెద్దాయన. పాప కళ్లలోకి లైటు వేసి చూశాడు. మాడు మీద వేలితో నొక్కి చూశాడు. బొప్పి చూసి, "ఇదెప్పటిది?" అన్నాడు.

"నాలుగు దినాలయింది సార్," అత్తే చెప్పింది. "మంచం మీంచి పడింది. ఎత్తు కూడా ల్యా, మోకాలంత."

"వాంతులు?"

"పొద్దున్నుంచే. నిన్న మేం ఓళిగలు చేసింటిమి, తల్లి రెండు ఎక్కువ తినింది, పాలు బరువైనట్టుండాయి."

డాక్టరు నవ్వి, కలం తీశాడు. "మంచం ఎత్తయితే స్కానింగు అక్కర్లేదు. ఇంత చిన్నపిల్లలకు ఊరికే తీయించకూడదు. మందు రాస్తా, ఇంటికి తీసుకుపోండి."

ఇంటికి. ఆ మాటతో అంతా ముగిసిపోతుంది. ఆయన రాస్తున్నాడు. కలం కాగితం మీద పోయే చప్పుడు వినబడుతోంది. ఆయన వేస్తున్న లెక్క నాకు కనబడుతోంది, అందులో పైన పెట్టిన ఎత్తు నేనిచ్చిందే. తప్పు ఎత్తు పెడితే తక్కినదంతా ఎంత సరిగ్గా చేసినా జవాబు తప్పే.

"మంచం కాదు సార్," అన్నాను. "వంటగట్టు మీంచి."

అత్త తల తిప్పి నన్ను చూసింది.

"ఎంత ఎత్తుంటుంది?"

"తొంభై సెంటీమీటర్లు."

డాక్టరు కలం ఆపాడు. "అంత కచ్చితంగా ఎట్ల తెలుసమ్మా?"

"కొలిచినాను సార్."

"ఎప్పుడు?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. "పడినరోజే. టేపుతో."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అత్త మెల్లగా అంది, అరవలేదు. "బిడ్డ పడుంటే నువ్వు టేపు పట్టుకోని కొలుస్తాంటివా?"

"నిద్రపోయినాక అత్తా."

"కొలిచి, తెలిసి, నన్ను మంచమనే అనుకోనిస్తివి. నీ మొగునికి మంచమని చెప్తివి. వాడు నా తప్పేమ్మా నా తప్పేమ్మా అని ఫోన్లో ఏడిసినాడు నాతో."

అది నాకు తెలియదు. ఆయన ఏడ్చాడని నాతో చెప్పలేదు.

డాక్టరు మా ఇద్దరి మధ్యా చేయి అడ్డం పెట్టినట్టు మాట్లాడాడు. "నేల ఏంది, బండలా? సరే. పడంగానే ఏడ్చిందా? స్పృహ తప్పిందా? పాలు తాగిందా?" అన్నిటికీ చెప్పాను. మధ్యలో కొంచెంసేపు శబ్దం లేదని కూడా చెప్పాను. "మూడడుగులంటే వేరే లెక్క. కానీ నాలుగు రోజులయింది, కండ్లు, మాడు బాగున్నాయి. సాయంత్రం దాకా ఈడ ఉంచండి. మళ్లీ కక్కితే, బిడ్డ మత్తుగా ఉంటే స్కానింగుకు పంపుతా. ఇప్పుడు చెప్పినావు గాబట్టి సరిపోయింది. ముందే చెప్పాల్సింది."

కూర్చోడానికి లోపల ఒక బెంచీ, ఒక మంచం. పాపను మంచం మీద మధ్యలో వేసి, అత్త ఒకవైపు, నేను ఒకవైపు కూర్చున్నాం. సాయంత్రం దాకా మా అత్త నాతో మూడే మాటలు మాట్లాడింది. పాలియ్యి. పక్కకు జరుగు. తడిసింది. పాప మాత్రం పక్క బల్ల మీది మందు సీసాకు కట్టిన చీటీ వైపు చేయి చాచి, ఆ పరుపు మీద కూడా ఒకసారి బోర్లా తిరిగింది. మేం ఇద్దరం ఒకేసారి చేతులు అడ్డం పెట్టాం. మా వేళ్లు తగిలాయి. ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

అయిదున్నరకు డాక్టరు వచ్చి చూశాడు. ఆ తర్వాత వాంతి కాలేదు. కడుపులో వేడికే అయ్యుంటుంది, తలకు ఏమీ లేదు, తీసుకుపోండి అన్నాడు. అత్త పాపను భుజాన వేసుకుని ముందు నడిచింది.

బస్టాండులో ఆమె అడిగింది, నా వైపు చూడకుండానే. "ఆ పొద్దు బోర్లా తిరిగే గదా పడింది?"

"ఊఁ."

"నిన్న ఓళిగలు పంచుతాంటే చూస్తా కూకుంటివి."

ఆమే మళ్లీ, "మంచం మీంచనుకుంటే నేను వాము నీళ్లు పోసి పండబెట్టేదాన్ని. అదీ నా కోపం. ఇంగేం లేదు" అంది. తర్వాత, "ఇంగా ఏమన్నా ఉండాదా చెప్పకుండా?"

"లేదత్తా."

మా ఆయనకు నేనే చెప్పాలని ఆమె పట్టు. చెప్పాను, షిఫ్టు దిగాక, ఫోన్లో. గని బయట లారీల చప్పుడు వినబడుతోంది. "నాకు చెప్పుంటే ఏమైతాండె?" అన్నాడు చివరికి. ఏమయ్యేది కాదు. గట్టిగా ఒక మాట అనేవాడు, రాత్రికి మరిచిపోయేవాడు. ఆ సంగతి నాకు అప్పుడు తెలియలేదు. తెలిసేంతగా మేం కలిసి ఉన్నామా అంటే, ఆ లెక్క కూడా నేనెప్పుడూ వేయలేదు.

మళ్లీ పులివెందుల వచ్చాం. ఓనరమ్మకు నేనే పోయి చెప్పాను, ఆ రోజు పడింది పప్పు డబ్బా కాదని. "నాకు తెలీదా మే? పప్పు డబ్బా ఏడుస్తాదా?" అని, "నా కాడికి తీసుకోనొస్తే బొప్పికి ఉల్లిగడ్డ కొట్టి పెడతాంటి గదా" అంది. ఆమెకు అన్నీ వినబడుతూనే ఉన్నాయన్నమాట. నువ్వు తలుపు తీస్తే గదా నేను అడిగేది అన్నట్టు చూసింది.

మంచం మీది పరుపు ఇప్పుడు కింద ఉంది. రోజూ పొద్దున తేళ్లకోసం నాలుగు మూలలూ చీపురుతో తట్టి, దులిపి, అప్పుడు పాపను వేస్తాను. పాప ఆ చివర నుంచి ఈ చివరకు దొర్లుతుంది. మా ఆయన షిఫ్టు దిగి ఫోను చేతికి రాగానే ముందు నాకే చేస్తున్నాడు. ఇంతకుముందు చేసేవాడు కాదు.

"ఏం జేస్తాంది?"

"నిద్రపోతాంది."

"యాడ పండబెట్టినావు?"

"నేల మీద."

అది ప్రేమతో అడుగుతున్నాడో, నమ్మకం లేక అడుగుతున్నాడో ఇప్పటికీ తెలియదు. రెండూ ఉండొచ్చు. ఒక్కోరోజు, ఇంకేమైనా అడుగుతాడేమోనని ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉంటాను. ఆయన కూడా అవతల కొంచెంసేపు ఉంటాడు, ఊపిరి వినబడుతుంది. తర్వాత "సరే" అంటాడు.